బైబిలు సంచిలో గోళీలు

మా అంగన్‌వాడీలో ఒక పద్ధతి ఉంది. పైనుంచి వచ్చిన ఆర్డరు కాదు, నేనే పెట్టింది. మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు తిన్నాక గర్భిణులూ బాలింతలూ నా ఎదుట నిలబడి ఐరన్ గోళీ మింగాలి. మింగాక నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి. ఒకప్పుడు గోళీలు చేతికిచ్చి ఇంటికి పంపిస్తే బోరింగు వెనక బురదలో కనిపించాయి. అప్పటినుంచి ఎవరి మాటా నమ్మడం మానేశాను. ఎంకపల్లిలో నన్ను వెనకనుంచి ‘నోరు తెరువు టీచర్’ అంటారని తెలుసు. అననీ అనుకున్నాను. పాతికేళ్ల సర్వీసు, ఆమాత్రం గర్వం ఉండదా?

అలాంటిదాన్ని, ఊళ్లో ఆడవాళ్లందరి రక్తం ఎంతుందో రిజిస్టరులో రాసేదాన్ని, నా ఒంట్లో రక్తం సగానికి పడిపోతుంటే కనుక్కోలేకపోయాను. పైగా ఆ రోజుల్లోనే కడుపుతో ఉన్న ఒక పిల్లను పదిమంది ముందు అబద్ధాలకోరును చేశాను. నా జబ్బు నయమైంది. ఆ పిల్ల విషయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ రాత నాలాంటి వాళ్లు జాగ్రత్తపడాలని కొంత, ఆ సిగ్గు దింపుకోవాలని కొంత.

మొదట పాట దగ్గర తేడా వచ్చింది. అవి శ్రమకాలం రోజులు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు. మా చర్చిలో స్త్రీల వైపు పాట ఎత్తుకునేది నేనే. శ్రమకాలం పాటలు నిదానంగా, పొడుగ్గా సాగుతాయి. మట్టల ఆదివారానికి ముందు వారం, చరణం మధ్యలో ఊపిరి అందలేదు. దగ్గు వచ్చినట్టు నటించి పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను. పక్కవాళ్లు అందుకున్నారు. వయసు అనుకున్నాను. యాభై మూడు నిండాయి, ముట్లు ఆగి మూడేళ్లయింది. ఇక నా రక్తం ఎటు పోతుందిలే అని ధీమా.

ఇక్కడ నా బైబిలు సంచి గురించి చెప్పాలి. నల్లది, జిప్పు ఉన్నది. అందులో బైబిలు, పాటల పుస్తకం, కళ్లద్దాలు, వెనక అరలో రెండు రకాల గోళీల షీట్లు ఉండేవి. ఒకటి మోకాళ్ల నొప్పికి, ఒకటి గ్యాసుకు. పిల్లలతో పాటు రోజంతా కింద కూర్చుని లేచి కూర్చుని నా మోకాళ్లు అరిగిపోయాయి. ఆరేళ్ల కిందట ఒక డాక్టరు ఆ నొప్పి గోళీని వారం రోజులకు రాసిచ్చాడు. వారం దాటింది, నేను ఆపలేదు. ఖాళీ షీటు చూపిస్తే మందుల దుకాణంలో కొత్తది ఇచ్చేవాళ్లు. కొన్నాళ్లకు కడుపులో మంట మొదలైంది. దానికి పరిగడుపున గ్యాస్ గోళీ తోడైంది. గ్యాస్ గోళీ, చాయ్, టిఫిను, నొప్పి గోళీ. నాకు అది పొద్దున్నే ముఖం కడుక్కోవడం లాంటిదే.

నేనొక్కదాన్నే మింగినా బాగుండేది. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి మెట్ల మీద ఎవరైనా నడుము గుంజుతోందంటే జిప్పు తీసేదాన్ని. ఛాతీలో మంట అంటే ఇంకో షీటు తీసేదాన్ని. చిన్న ప్రార్థన చేసి మరీ చేతిలో పెట్టేదాన్ని. దవాఖానకు పోయి లైన్లో నిలబడేకంటే సుగుణక్క దగ్గరికి పోవడం మేలని వాళ్లంటే, నాకు లోపల మహా సంతోషంగా ఉండేది.

ఎండాకాలంలో ఒక వింత కోరిక పుట్టింది. చెప్పాలంటే ఇప్పటికీ మొహమాటమే. బలపాలు తినాలనిపించేది. పిల్లల పలకల పక్కన ఉండే డబ్బాలోంచి ఒకటి తీసి కొంగు చాటున కొరికితే ప్రాణం లేచివచ్చినట్టుండేది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు మట్టి, సున్నం తింటుంటే నేనే తిట్టిపోసేదాన్ని. కంచే చేను మేసినట్టు ఇప్పుడు డబ్బా ఖాళీ చేస్తున్నది నేను. ఒకరోజు మా ఆయా యాదమ్మ చూసింది. ఆమెకు చదువు లేదు గాని కళ్లున్నాయి.

"రక్తం తక్కువైతనే గిట్ల తినబుద్ధయితది అని నువ్వే చెప్తవు గద టీచర్. జర నీది గూడ చూపిచ్చుకో," అంది.

చూపించుకోలేదు. ఆమె పోరు పడలేక నేనూ రోజుకో ఐరన్ గోళీ మొదలుపెట్టాను. ఇంట్లో, పొద్దున్నే, మిగతావాటితో పాటే, చాయ్ తాగుతూ. ఐరన్ వేసుకుని చాయ్ తాగొద్దని కేంద్రం గోడమీద నా చేత్తో అంటించిన బొమ్మ ఉంది.

జూన్ మొదట్లో లావణ్య రావడం మొదలుపెట్టింది. మా కేంద్రానికి రెండిళ్ల అవతల ఉండే అంజమ్మ కోడలు. మొదటి కడుపు, ఐదో నెల. బక్కపలచని పిల్ల. అన్నం తినగానే ఛాతీలో మంటని కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆ పిల్ల బాధ చూడలేక జిప్పు తీశాను. రోజూ ఒక గ్యాస్ గోళీ, దాని వెంటే ఐరన్ గోళీ, రెండూ నా ముందే మింగించాను. మంట తగ్గింది. ఆ పిల్లకు నా మీద గురి కుదిరింది.

నెల తర్వాత రక్తం పరీక్ష చేస్తే, తొమ్మిది ఉన్నది ఎనిమిదికి దిగింది. నాకు ఒక్కటే తట్టింది. మింగినట్టు చూపించి, దవడలో దాచుకుని, బయటికి పోయి ఉమ్మేస్తోంది. పదిమంది ఆడవాళ్లు అన్నం తింటుండగా నిలబెట్టి అడిగాను.

"నేను మింగుతనే ఉన్న టీచర్. ఎందుకు తగ్గిందో నాకు తెల్వది," అంది మెల్లగా.

"మింగితే రక్తం ఎటు పాయె మరి? అబద్ధాలు చెప్పకు బిడ్డా. పాతికేండ్ల సంది చూస్తున్న నీ అసుంటోళ్లను."

అక్కడితో ఆగలేదు. సాయంత్రం ఇంటికి పోతూ అంజమ్మకు కూడా చెప్పాను. మర్నాటినుంచి లావణ్య రావడం మానేసింది. అంజమ్మే వచ్చి కోడలి గోళీలు తీసుకుపోయేది, నన్నడిగి గ్యాస్ గోళీల షీటు కూడా పట్టుకుపోయింది. ఇంట్లో తనే మింగించి, ఫోను లైటు వేసి కోడలి నోట్లో వెతుకుతోందని యాదమ్మ చెప్పింది. నేను మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు గుర్తొస్తేనే ఎక్కువ బాధ.

అవే రోజుల్లో నాకు విరేచనం నల్లగా అవుతోంది. ఐరన్ గోళీ వేసుకుంటే నల్లగానే వస్తుంది, భయపడొద్దు అని నేను పాతికేళ్లుగా చెబుతున్న మాట. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. తారులాగా జిగటగా ఉంది, వాసన వేరుగా ఉంది. ముక్కు చెబుతూనే ఉంది, తలకాయ వినలేదు. ఊళ్లో ఇంకెవరైనా అయితే అది చూసి ఆ రోజే దవాఖానకు ఉరికేవాళ్లు. నాకు ఐరన్ గోళీ సంగతి తెలుసు కాబట్టి ఇంట్లో కూర్చున్నాను.

జూలై ఆఖర్లో, వాన పడుతున్న ఒక మంగళవారం, ఒక పిల్లవాడి బరువు తూస్తున్నాను. అంకె చూడటానికి వంగి లేచాను. పన్నెండు కిలోలు అని గుర్తుంది, ఆ తర్వాత యాదమ్మ ఒళ్లో ఉన్నాను. మా ఆయన దానియేలు కనకమామిడిలో ఒక ఫాంహౌసులో తోటపని చేస్తాడు. యాదమ్మ ఫోను చేస్తే బండి మీద తడుస్తూ వచ్చాడు. ఆటోలో చేవెళ్ల తీసుకుపోయారు.

దవాఖానలో చిట్టీ కోసం ఆయన లైన్లో నిలబడితే నేను బెంచీ మీద కూర్చున్నాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పక్కన ఒక ముసలావిడ, మార్కెట్లో కూరగాయలు అమ్మి వచ్చినట్టుంది, ఖాళీ గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. నా ముఖం చూసి ఏమీ అడగకుండా నా తల పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆమె చీరకు కొత్తిమీర వాసన. తన నంబరు పిలిచినా లేవలేదు, మా ఆయన వచ్చేదాకా అలాగే కూర్చుంది. ఆమె పేరు నాకు తెలియదు.

రక్తం ఐదున్నర ఉందన్నారు. ఎక్కించాలి, ఇక్కడ కాదు, మొయినాబాద్ అవతల ఉన్న పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. ఆ అంకె ఎవరి పేరు ఎదురుగానైనా రాయాల్సి వస్తే నేను అంబులెన్సు పిలిచేదాన్ని.

పెద్ద దవాఖానలో చూసిన డాక్టరు చిన్నపిల్లలా ఉంది గాని మాట నిదానం. ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగింది. ఏమీ లేవన్నాను. బీపీ లేదు, షుగరు లేదు. మళ్లీ అడిగింది, మళ్లీ అదే చెప్పాను. నేను అబద్ధం చెప్పడం లేదు. నా దృష్టిలో అవి మందులు కావు.

సాయంత్రానికి మా అమ్మాయి కృప ఆఫీసునుంచి వచ్చింది. గచ్చిబౌలిలో ఉద్యోగం. వస్తూ ఇంటికి పోయి నా బైబిలు సంచి తెమ్మని ఫోనులో చెప్పాను, తెచ్చింది. మంచం పక్కన కూర్చుని, కీర్తన చదువుతా మమ్మీ అంటూ జిప్పు తీసింది. బైబిలుతో పాటు వెనక అరలోవన్నీ దుప్పటి మీద పడ్డాయి. సగం వాడిన షీట్లు, ఖాళీ షీట్లు, రెండు బలపం ముక్కలు.

"ఇవన్నీ ఎవరివి మమ్మీ?"

నావే, నొప్పివీ గ్యాసువీ, అని చెప్పాను. కృప అన్నీ సంచిలోకి తిరిగి వేసి, బైబిలు మాత్రం నా చేతికిచ్చి, సంచి పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయింది. వరండాలో తండ్రితో గొడవపడటం వినిపించింది. ఇన్నేళ్లు ఇంట్లో ఉండి ఎట్ల చూసుకోలేదు డాడీ అంటోంది. "మీ అమ్మకు నేను చెప్తనా బిడ్డా? ఊరికే ఆమె చెప్తది," అన్నాడు. నిజమే కాబట్టి గట్టిగా తగిలింది.

డాక్టరు వచ్చి మంచం అంచున కూర్చుంది. నొప్పి గోళీలు ఎక్కువకాలం వాడితే కొందరికి కడుపులో పుండ్లు పడతాయి, వాటినుంచి కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉంటుంది, నల్లటి విరేచనం అందుకే అయి ఉండొచ్చు అంది. గ్యాస్ గోళీ ఏళ్లతరబడి మింగితే కొందరిలో తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు అని కూడా చెప్పింది. "ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేనమ్మా. ఇంకోటి కాదని ముందు తేల్చుకోవాలి. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూద్దాం," అంది. ఆ ఇంకోటి ఏమిటో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. దాని పేరు ఎత్తకుండా మా ముగ్గురికీ రెండు రోజులు గడిచాయి.

మా ఆయన పనిచేసే ఫాంహౌసు ఓనరు సారు కోస్తా వైపు మనిషి, ఐటీలో ఉద్యోగం. నాకు రక్తం కావాలని తెలిసి పిలవకుండానే వచ్చాడు. నాకు మొహమాటంగా ఉందంటే, "భలేవారండీ, మీ ఆయన నా మొక్కలకి నీళ్లు పోయట్లేదా?" అన్నాడు. రక్తమిచ్చి, ఫ్యాను కింద కూర్చుని మామిడి జ్యూసు తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండో సీసా రక్తం ఎక్కుతోంది. చుక్క చుక్కగా దిగుతుంటే చూస్తూ పడుకున్నాను. తిన్న ఇనుము ఒంటికి పట్టదు అన్న డాక్టరమ్మ మాట తిరిగి తిరిగి మనసులో మెదిలింది. ఉన్నట్టుండి లావణ్య ముఖం కళ్ల ముందుకొచ్చింది. గ్యాస్ గోళీ, దాని వెంటే ఐరన్ గోళీ. నా చేత్తోనే.

డాక్టరు రౌండుకు రాగానే ఆ పిల్ల సంగతి అడిగాను. అది ఒక్కటే కారణమని అనలేం, ఇంకా ఏమైనా ఉండొచ్చు, అయినా చూడకుండా అలా ఇవ్వకూడదు అంది. ఏడో నెల వచ్చేస్తోంది కాబట్టి ఆలస్యం చేయకుండా చూపించమంది. గోళీలతో పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంటుందట.

వెంటనే ఫోను చేశాను. అంజమ్మ ఎత్తింది. గ్యాస్ గోళీ ఆపి కోడలిని చేవెళ్ల తీసుకుపొమ్మన్నాను. ఆమెకు నా మాట ఎక్కలేదు.

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి టీచర్. రోజు నేనే మింగిపిస్తున్న. లైటేసి నోరంత చూస్తున్న. మీ పానం మంచిగ చూస్కోండ్రి," అని పెట్టేసింది.

నేను నేర్పిన విద్యే. ఫోనులో ఒక్క మాటతో పోయేది కాదు.

గొట్టం వేసి చూసిన రోజు చాలా భయపడ్డాను. గొంతు మొద్దుబారే మందు కొట్టారు, కృప చెయ్యి పట్టుకున్నాను. దేవుణ్ణి బతికించమనే అడిగాను, దాచడం దేనికి. ఇల్లు చేరి అంజమ్మ గడప దాకా నడిచే ఓపిక ఇవ్వమనీ అడిగాను. లోపల పుండ్లే కనిపించాయి, లోపలినుంచి తీసిన ముక్క పరీక్షలోనూ ఇంకేమీ లేదని తర్వాత తేలింది. మా ఆయన వరండాలోకి పోయి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నొప్పి గోళీ మానెయ్యమంది. ఐరన్ సెలైన్‌లో ఎక్కించింది, ఆ తర్వాత కొన్ని నెలలు ఐరన్ గోళీలు కూడా రాసింది. పుండ్లు మానడానికి రాసిన చీటీ చూస్తే అదే గ్యాస్ గోళీ. నేను తెల్లబోయాను. దాని పని దానికుంది అంది ఆమె. ఎనిమిది వారాలు వేసుకుని ఆపమంది, ఖాళీ షీటు పట్టుకుని దుకాణానికి పోవద్దంది. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. మా ఆయనకు గుండెలో స్టెంటు ఉంది, రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక గోళీ వేసుకోవాలి. నా కథ విని హడలిపోయి, నాలుగు రోజులుగా దాన్ని మానేశాడు. డాక్టరమ్మ అంతవరకు గొంతు పెంచనిది ఆయన మీద పెంచింది. రాసిన డాక్టరును అడగకుండా మొదలుపెట్టడం ఎంత తప్పో, ఆపడం కూడా అంతే తప్పంది. అక్కడే నిలబెట్టి మింగించింది. నోరు మాత్రం తెరిపించలేదు.

శనివారం ఇల్లు చేరాను. ఆదివారం చర్చికి పోకముందే, కృప వద్దంటున్నా, కర్ర పట్టుకుని అంజమ్మ ఇంటికి నడిచాను. ఆ కాస్త దూరానికే రెండుసార్లు ఆగాను. లావణ్య వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. నన్ను చూసి లేవబోయింది. అంజమ్మ కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. గోడ అవతల ఇద్దరు ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు. వాళ్లకూ వినపడాలనే గట్టిగా చెప్పాను.

"లావణ్యా, నువ్వు అబద్ధం చెప్పలే బిడ్డా. గోళీ నువ్వు మింగినవు. తప్పు గోళీ కలిపిచ్చింది నేను. పదిమంది ముంగట నిన్ను అన్న, అందుకే అందరు వినంగ చెప్తున్న. తప్పు నాది."

ఆ పిల్ల చిక్కుడుకాయ తుంచుతూనే ఉంది. తర్వాత అంది, "ఇరవై రోజులు దాటింది టీచర్, మా అత్తమ్మ రోజు నా నోట్లె లైటేసి చూడవట్టి. మా ఆయన ముంగట గూడ."

అంజమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నేను ఆమెను ఏ ముఖంతో అంటాను?

మర్నాడు యాదమ్మ లావణ్యను చేవెళ్ల తీసుకుపోయింది, అంజమ్మ కూడా వెంట పోయింది. అక్కడి డాక్టరు మందులు మార్చి, విడతలుగా సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. నాకు కాళ్లలో బలం వచ్చేలోపు ఆమెకు రక్తం పదికి చేరింది. ఆ కబురు వినేదాకా నాకు సరిగా అన్నం దిగలేదు. అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. కాన్పులో రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

అంజమ్మ ఇంటినుంచి చర్చికి పోయిన ఆ ఆదివారమే, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే వేళ నేను లేచాను. అందరూ స్వస్థత గురించి చెబుతాననుకున్నారు. సంచి జిప్పు తీసి, వెనక అర తిరగేసి చూపించాను, ఖాళీ. నా దగ్గర గోళీలు తీసుకున్నవాళ్లంతా ఒకసారి రక్తం చూపించుకోండని, డాక్టరు రాసినవి మాత్రం అడగకుండా ఆపొద్దని చెప్పి కూర్చున్నాను. ఆ వారంలో ఆరుగురు పోయి చూపించుకున్నారు. ఇద్దరికి తక్కువే ఉంది. ఇప్పటికీ మెట్ల మీద ఎవరో ఒకరు చెయ్యి చాపుతారు, నేను పళ్లు బిగబట్టి, దవాఖానకు పోదాం పా, నేనూ వస్తా అంటాను. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి. పిల్లల మధ్య ఇప్పుడు పీట వేసుకుని కూర్చుంటున్నాను. పాట చరణం చివరిదాకా వస్తోంది.

క్రిస్మస్‌కు ముందు లావణ్య బిడ్డను ఎత్తుకుని కేంద్రానికి వచ్చింది. గర్భిణులూ బాలింతలూ తినడం అయిపోయింది, నేను గోళీల డబ్బా తీశాను. నా ఐరన్ కోర్సు ఇంకా ఉంది, వాళ్లతో పాటే వేసుకుంటున్నాను. లావణ్యకు ఇవ్వబోతే తీసుకోలేదు.

"ముందుగాల మీరు మింగుండ్రి టీచర్," అంది.

నవ్వుతోందా అని చూశాను. నవ్వడం లేదు. యాదమ్మ గిన్నెలు కడగడం ఆపింది. నేను గోళీ నోట్లో వేసుకుని నీళ్లు తాగాను.

"నోరు తెరువుండ్రి."

తెరిచాను. ఆమె బిడ్డను భుజానికి ఆనించుకుని, రెండో చేత్తో ఫోను తీసి లైటు వేసింది. నాలుక పైకెత్తి, ఆమె చాలు అనేదాకా అలాగే నిలబడ్డాను.